కొత్తవాడ మిస్టర్‌కు పిలుపు

వరంగల్,
ఆదివారం.

తమ్ముడు ఓంకార్‌కు అక్క భవాని దీవెనలు.

ఇక్కడ అమ్మ, నేను, మీ బావ బాగున్నాం. అక్కడ నువ్వూ బాగున్నానని రాశావు. నీ ఉత్తరంలో నేను నమ్మలేని మాట అదొక్కటే.

పొద్దున్నే గోవా ఫుట్‌బాల్ అకాడమీ పిల్లలతో కలిసి సముద్రపు ఇసుకలో పరుగెత్తుతున్నానని రాశావు. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి ఆ పరుగు ఆపు. ఎందుకో నీకు ముందే తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు. బుధవారం నుంచి ఫోన్ చేస్తుంటే నిన్న ఎత్తావు, ఇదే చెప్పబోయాను. గుండె అన్న మాట వినగానే "నువ్వు పేపరుదానివి గదా, రాసుకో పో అక్కా" అని పెట్టేశావు. తర్వాత ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను, స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ముఖ్యమైన సంగతి మొదట్లోనే పెట్టాలని ఆఫీసులో కొత్తవాళ్లకు చెప్తుంటాను. ఇక్కడ ఆ పని సగమే చేయగలిగాను. మిగతా సగానికి కాస్త వెనక నుంచి రావాలి. మధ్యలో చించేయకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు.

అమ్మ మోకాలు అట్లాగే ఉంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది, ఎక్కేటప్పుడు పట్టుకోవడం లేదు. ఎదురింటివాళ్లు జంపఖానా మగ్గం తీసేసి ఆ గదిలో కిరాణం పెట్టారు. పొద్దున లేస్తే మగ్గం చప్పుడుకు బదులు ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది. అమ్మకు ఇంకా అలవాటు కాలేదు. "ఎవలన్న సచ్చిండ్రా ఏంది, గింత సప్పుడు లేదు" అంటుంది.

గ్రౌండ్ సంగతి అడిగావు. నాలా వైపు గోల్‌పోస్టు ముందు నీళ్లు నిలిచే చోట మున్సిపాలిటీ వాళ్లు మొరం పోశారు. నీళ్లు ఇప్పుడు పెనాల్టీ వేసే చోట నిలుస్తున్నాయి. సుదర్శన్ మోకాలు బాగైంది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున రైలుకు వచ్చి, ప్రాక్టీస్ చేసి, మధ్యాహ్నం పొలానికి పోతున్నాడు. నువ్వు నేర్పిన కట్టు ఇప్పటికీ తానే కట్టుకుంటున్నాడు. లెఫ్ట్ బ్యాక్‌గానే ఆడుతున్నాడు. ముందుకు పోతే వెనక్కి రావడం మాత్రం ఇంకా మరిచిపోతున్నాడు.

జెర్సీ రంగు మార్చారా అని అడిగావు. మార్చలేదు. ఇటలీలో పలెర్మో క్లబ్‌ను చూసి నువ్వు పెట్టిన గులాబీ, నలుపే. మొన్న సర్పంచ్ ఎన్నికలప్పుడు హన్మకొండ దారిలో మన పిల్లల ఆటోను మళ్లీ ఆపారు. "ఏ పార్టీ పిల్లల్రా మీరు" అని అడిగాడట ఎన్నికల స్క్వాడ్ మనిషి. సుదర్శన్ దిగి "పలెర్మో పార్టీ సార్, ఇటలీల ఉంటది" అన్నాడట. ఆయన కాసేపు ఆలోచించి, "గుర్తేంది?" అని అడిగి వదిలేశాడట. నువ్వుంటే నెల రోజులు చెప్పుకొని నవ్వేవాడివి.

ఇప్పుడు కోచ్ ఎవరని అడిగావు. మన క్లబ్ ప్రెసిడెంట్ పండరి మామే. నిన్ను తీసేశాక ఇద్దరు పీఈటీలను అడిగాడు, ఇద్దరూ రామన్నారు. దాంతో నూలు దుకాణం అత్తకు అప్పజెప్పి, మెడలో విజిల్ వేసుకొని, పంచె ఎగ్గట్టి టచ్‌లైన్ మీద నిలబడుతున్నాడు. మొన్న ఒక మ్యాచ్‌కు రిపోర్టింగ్‌కు పోయాను. పక్కనే నిలబడి విన్నాను.

"అరే, బాల్‌ను అటు కొట్టుండ్రిరా!"

"ఎటు మామా?"

"గోల్ దిక్కురా, ఇంకెటు! నేను చెప్తెనే తెలుస్తదా?"

"హాఫ్ టైం అయింది మామా, గోల్ మారింది."

మామ చెప్పింది మన గోల్ వైపు. పిల్లలు నవ్వారు. మామ కూడా నవ్వాడు కానీ, తర్వాత నా దగ్గరికి వచ్చి "బిడ్డా, ఇది నాతోటి అయ్యే పని గాదే" అన్నాడు. లీగ్‌లో మనం కింది నుంచి రెండో స్థానంలో ముగించాం. కోచ్ మారితే ఫలితాలు మారతాయనడానికి కొత్తవాడలో ఆధారం దొరకలేదు.

పిల్లలు ఆయన్ని మామా అనే పిలుస్తున్నారు. ఒకసారి ఆయనే "నన్ను సుత మిస్టర్ అనుండ్రిరా" అని అడిగాడట. "సరే మామా" అన్నారట. ఇటలీలో ఆటగాళ్లు కోచ్‌ను మిస్టర్ అంటారని, వందేళ్ల కిందటే జెనోవాలో కోచ్‌గా చేరిన ఒక ఇంగ్లీషు మనిషితో ఆ పిలుపు మొదలైందంటారని వాళ్లకు చెప్పింది నువ్వు. అందుకని వాళ్ల లెక్కలో మిస్టర్ అంటే నువ్వే. ఆ మాటను వాళ్లు ఇంకెవరికీ వాడటం లేదు.

ఇక ఆఖరి ప్రశ్న. "నన్ను తీయించింది ఎవలు? నువ్వు రిపోర్టర్‌వి, నీకు ఎర్కలేకుండ ఉండది" అని రాశావు. నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. నాకు సమాచారం ఇచ్చినవాళ్ల పేరు నేను బయటపెట్టనని నీకు తెలుసు. ఈ పేరు చెప్పమని మాత్రం ఆ మనిషే అడిగింది. నేను ఇది రాస్తుంటే పక్కనే కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

నిన్ను తీయించింది అమ్మ.

ఆగు. ఇక్కడ ఉత్తరం పక్కన పెట్టకు.

వానాకాలంలో నువ్వు గ్రౌండ్‌లో ఛాతీ పట్టుకొని కూర్చున్నావు. అమ్మను వెంటబెట్టుకొని దవాఖానకు పోయావు. గుండె రక్తనాళం ఒకటి సన్నబడిందని, మందులు వాడుతూ నాలుగు నెలలు గ్రౌండ్ ముఖం చూడొద్దని, ఎండలో నిలబడి అరవొద్దని, పరుగెత్తొద్దని డాక్టర్ చెప్పాడు. "లీగ్ అయిపోయినంక సూద్దాం సార్" అన్నావు. బయటికి వచ్చాక అమ్మ చెయ్యి నీ నెత్తి మీద పెట్టుకొని, ఎవరికీ చెప్పొద్దని, ముఖ్యంగా అక్కకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావు. ఇవన్నీ నాకు బుధవారమే తెలిశాయి. దవాఖానకు పోయిన మర్నాడు సాయంత్రం నువ్వు మళ్లీ గ్రౌండ్‌లో ఉన్నావని మాత్రం నేనే చూశాను. ఆ రోజు నీ గొంతు కాలేజీ గేటు దాకా వినిపించింది.

అమ్మ నిన్ను బతిమాలిందట. నువ్వు వినలేదు. ఒట్టు తప్పితే నీకేమవుతుందోనని ఆమె భయం. ఒట్టు నిలబెట్టుకుంటే ఏమవుతుందోనని ఇంకో భయం. ఆమెకు తెలిసిన దారి ఒక్కటే. ఆ దారి చూపించింది నువ్వే.

మర్చిపోయావా? ప్రతి సోమవారం పొద్దున చాయ్ తాగుతూ ఇటలీ లీగ్ సంగతులు చెప్పేవాడివి. అమ్మ కండెలు చుడుతూ వినేది. బాపు పోయాక ఆ ఇంట్లో ఎక్కువగా వినపడిన మాటలు అవే. ఆమెకు ఆట అర్థమయ్యేది కాదు. కోచ్‌ల సంగతి మాత్రం బాగా అర్థమయ్యేది.

"ఇగ ఈయన్ని సుత తీసిండ్రా?"

"తీసిండ్రమ్మా. మూడు మ్యాచులు ఓడిపోయిండ్రు."

"అయ్యో. ఇంట్ల ఏం చెప్పిండో."

"ఏం చెప్తడు? జీతం వస్తనే ఉంటది. కాంట్రాక్ట్ అయిపోయే దాక ఇంట్ల కూసోని తింటడు."

"పని లేకున్నా ఇస్తరా? మంచోల్లే."

అక్కడి ప్రెసిడెంట్లలో కొందరిని పేపర్లు కోచ్‌లను తినేవాళ్లు అంటాయని చెప్పావు. పలెర్మో ఒకే సీజన్‌లో కోచ్ వెనక కోచ్‌ను తీసేసి, తీసేసినవాళ్లలో ఇద్దరిని మళ్లీ పిలిచిందని, చివరికి అట్లా పిలిచిన మనిషితోనే ఆఖరి మ్యాచ్ గెలిచి పెద్ద లీగ్‌లో నిలబడిందని కథలా చెప్పావు. ఆ రోజు నేనూ ఉన్నాను. "తీసేసినోల్ల ఇంటికి మల్ల ఏం మొకం పెట్టుకోని పోయిండ్రురా" అని అమ్మ అడిగింది. నువ్వు చాయ్ కప్పు కింద పెట్టి ఈ మాట అన్నావు: "ఆడ తీసుడంటే తీసుడు గాదమ్మా. పక్కకు కూసోబెట్టుడు. చలికాలం తీస్తరు, ఎండలు రాకముందే మల్ల పిలుస్తరు."

అమ్మ ఈ మాట మరిచిపోలేదు. దసరా తెల్లారి పండరి మామ దుకాణానికి పోయింది. ఆ మాటలు మామ నాకు చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

"తమ్మీ, ఓంకార్‌ను జర తీసెయ్."

"ఏందక్కా, కన్నకొడుకును తీసెయ్యమంటానవా?"

"తీసుడంటే తీసుడు గాదురా. పక్కకు కూసోబెట్టు. నాలుగు నెల్లకు నువ్వే పోయి మల్ల పిలువు. ఇటలీల గట్లనే జేస్తరట."

"ఎందుకక్కా? వాడేం జేసిండు?"

"అడుగకు. నా తోడబుట్టినోనివైతె అడుగకు."

మామ అడగలేదు. అక్క మాట కాదన్న మనిషి కాదు. సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అమ్మ గిట్లంటాంది. కమిటీల ఏదో ఒకటి చెప్పాలె గద. ఏం చెప్పుదు? పేపర్ల ఏం రాస్తవ్?" నేను అమ్మను అడిగాను. "నువ్వైతె అసలే అడుగకు" అంది. అక్కడితో ఊరుకున్నాను. పేజీ ఇవ్వాల్సిన టైం దగ్గర పడింది. కాజీపేట జట్టు చేతిలో ఓడిపోయాం, హన్మకొండ జట్టు చేతిలో ఓడిపోయాం. ఆ రెండూ నిజాలే. వాటిని తీసుకొని రాశాను: "వరుస ఓటముల కారణంగా కొత్తవాడ కోచ్‌పై వేటు." నా చేత్తోనే రాశాను. శీర్షిక కూడా నేనే పెట్టాను.

అందులో నిన్ను తీసేశారన్నది నిజం. రెండు మ్యాచులు ఓడామన్నది నిజం. ఒకటి వల్ల ఇంకొకటి జరిగిందన్నది అబద్ధం. అది అబద్ధమని రాసేటప్పుడే నాకు తెలుసు. అసలు కారణం తెలియదు. తెలియనప్పుడు తెలియదని రాయాలి, లేదా తెలిసేదాకా అడగాలి. ఎమ్మెల్యేను రెండోసారి అడుగుతాను, ఎస్పీని మూడోసారి అడుగుతాను. అమ్మను ఒక్కసారి అడిగి వదిలేశాను.

పేపర్ వచ్చిన పొద్దున నువ్వు ఇంటికి వచ్చావు. అరవలేదు. పేపర్ మడిచి, "అక్కా, నువ్వు సుత గిదే అనుకుంటానవా?" అని అడిగావు. "ప్రెసిడెంట్ చెప్పిండు, నేను రాసిన" అన్నాను. నువ్వు తలూపి పోయావు. అమ్మ వంటింట్లో నిలబడి వింటోంది. నువ్వు ఇంట్లో కూర్చుంటావని ఆమె అనుకుంది. కాళ్లు చాపుకొని టీవీ చూస్తావని, మందులు వేసుకుంటావని, నాలుగు నెలలకు మామ వచ్చి పిలిస్తే కాస్త బెట్టు చేసి పోతావని అనుకుంది. వారం తిరగకుండానే నువ్వు స్కూల్లో పీఈటీ నౌకరీకి రాజీనామా ఇచ్చి గోవా రైలెక్కావు.

ఇటలీలో ఆ పద్ధతి ఎందుకు నడుస్తుందో మేం ఆలోచించలేదు. తీసేసిన మనిషికి అక్కడ జీతం ఆగదు. ఆ సీజన్‌లో అక్కడే ఇంకో క్లబ్‌కు పోవాలంటే రూల్స్ అడ్డం. అందుకని ఇంట్లో కూర్చుంటాడు, పిలిస్తే వస్తాడు. నీకు మేం ఏమిచ్చాం? ఒక విజిల్, ఆదివారం పూట చాయ్, మిస్టర్ అన్న పిలుపు. తీసేసిన రోజు మూడూ ఒక్కసారే తీసుకున్నాం. నిన్ను పక్కకు కూర్చోబెట్టామనుకున్నాం కానీ, కూర్చోవడానికి మా దగ్గర కుర్చీ లేదు.

ఈ నాలుగు నెలలూ అమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు. గోవాలో చల్లగా ఉంటుందట గదా, కుర్చీలో కూర్చొని నేర్పిస్తాడట గదా అని నన్ను అడిగేది. అవునని చెప్పేదాన్ని. నీ ఉత్తరం బుధవారం వచ్చింది. చదివి వినిపించాను. ఇసుకలో పరుగు దగ్గరికి రాగానే "ఏమన్నవ్? మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను.

"ఉరుకుతాండా? వాడు ఉరుకుతాండా?"

"అవునమ్మా, పిల్లలతోటి కలిసి. అయితేంది?"

"వాణ్ని కూసోబెట్టనీకె గదనే తీయించింది. ఉరుకనీకె పోయిండా గాడికి?"

అప్పుడు చెప్పింది, మొత్తం. దవాఖాన నుంచి మొదలుపెట్టి చెప్పింది. ఒట్టు తప్పినందుకు తనకేమైనా సరే, నీకేమీ కావొద్దని మధ్యలో రెండుసార్లు దండం పెట్టుకుంది. నేను పండరి మామకు ఫోన్ చేశాను. వెంటనే వచ్చాడు. విని, నిలబడ్డవాడు కూర్చున్నాడు. "ఈ ముచ్చట ముందే చెప్తె నేనే కాళ్లుచేతులు కట్టేసి మంచంల పండబెడుదు గదక్కా" అన్నాడు. "చెప్పకుండ చేసుడే తప్పైంది తమ్మీ" అంది అమ్మ.

పేపర్లో సవరణ వేయాలంటే వేయొచ్చు. కానీ అసలు కారణం రాయాలంటే నీ జబ్బు ఊరందరికీ చెప్పాలి. అది నీ సొంత సంగతి. అందుకని సవరణ ఈ ఉత్తరంలోనే వేస్తున్నాను: కొత్తవాడ కోచ్ ఓంకార్‌ను ఓటముల వల్ల తీసేయలేదు. ఆ వార్త రాసిన రిపోర్టర్ కారణాన్ని విచారించకుండా రాసింది. ఆ తప్పు రిపోర్టర్‌ది.

ఇక నిన్నటి మాట. నువ్వు ఫోన్ పెట్టేశాక అమ్మ నన్ను అడిగింది.

"ఇటలీల మల్ల పిలిచెటప్పుడు ఎవలు పోతరే?"

"ప్రెసిడెంట్ ఫోన్ చేస్తడమ్మా."

"ఇక్కడ తీయించింది ప్రెసిడెంటు గాదు గద. తీయించినోల్లే పిలువాలె." చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. "నాకు టికెట్ తియ్యి."

వేములవాడ దాటి ఎరగని మనిషి. మోకాలితో అంతదూరం రైల్లో ఎట్లా అన్నాను. గోడ పట్టుకొని పోతానంది. మామ తానూ వస్తానన్నాడు. "నువ్వొస్తె పిల్లలకు ఎటు గోల్ కొట్టాల్నో ఎవలు చెప్తరు" అంది అమ్మ. నీ ఉత్తరం వచ్చాక ఆమె మమ్మల్ని నవ్వించిన మాట అదొక్కటే. తాను మాత్రం నవ్వలేదు. నేను సెలవు పెట్టాను. వచ్చే శుక్రవారం సికింద్రాబాద్‌లో వాస్కో రైలెక్కుతున్నాం. మడ్గాంలో దిగుతాం. స్టేషన్‌కు ఆటో పంపు, నువ్వు పరుగెత్తుకొని రాకు. మొదట అక్కడి డాక్టర్ దగ్గరికి పోదాం. వానాకాలం నాటి కాగితాలు అమ్మ చీరల కింద దాచింది, తెస్తోంది.

నువ్వు తిరిగి వస్తావని నేను అనుకోవడం లేదు. నీకు అక్కడ జీతం ఉంది, నేర్చుకునే పిల్లలున్నారు, సముద్రముంది. ఇక్కడ పెనాల్టీ వేసే చోట నీళ్లున్నాయి. అదే అమ్మకు చెప్పాను. ఇటలీలో కాంట్రాక్ట్ ఉంటుంది కాబట్టి పిలిస్తే వస్తారమ్మా, మనకు అదేమీ లేదు, వాడు రానంటే మనం ఏమీ అనలేం అన్నాను.

అమ్మ సంచిలో చీర మడిచి పెడుతోంది. చెయ్యి ఆపలేదు.

"రాకుంటె రాకపాయె. పిలువకపోతె వాడు ఓడిపోయినందుకే తీసిండ్రని అనుకుంట ఉంటడు గదనే" అంది.

ఆమె వచ్చేదాకా ఇసుకలోకి దిగకు. పిల్లలతో పోయినా గట్టు మీద కుర్చీ వేసుకొని కూర్చో. పక్కన అమ్మకు ఇంకో కుర్చీ వేయించు, మోకాలు మడవలేదు.

ఇట్లు,
అమ్మను రెండోసారి అడగని
నీ అక్క,
భవాని